పేరెత్తిన కోడలు

ముందే ఒప్పేసుకుంటున్నాను, ఈ కథలో నేను కోడలి పక్షం.

"మామయ్యా, వెనక్కి వచ్చేయండి. ఆ వాలు కిందికి వెళ్ళకండి!" రేడియోలో అరిచీ అరిచీ బురుల్చా గొంతు బొంగురుపోయింది.

"అవతలి ఊళ్ళో విందుంది పిల్లా. నేను వెళ్ళకపోతే, పెద్దమనిషికి పెట్టే గొర్రె తలకాయ ఎవరి ముందు పెడతారు?" అన్నాడు మామ, గుర్రం మీంచే.

జిర్గలాన్ అనే కొండలోయలో మంచు ఎప్పుడు, ఎక్కడ కూలుతుందో కనిపెట్టి చెప్పడం బురుల్చా ఉద్యోగం. పొద్దున్నే వాలు మీద గొయ్యి తవ్వి చూసింది. అడుగున మంచు పంచదారలా జారిపోతోంది. దాని మీద గాలి తెచ్చిపోసిన బరువైన పొర. పైగా ఎండ. అడుగేస్తే లోపల ధుప్పుమంటోంది. వెంటనే అటు వెళ్ళే దారి మొదట్లో ఎర్రజెండా పాతేసింది.

మామ ఆ జెండా పక్కనుంచే గుర్రాన్ని తోలుకుపోయాడు.

"అడుగున పట్టు లేదు మామయ్యా. మొత్తం పలకలా ఊడొస్తుంది."

"నీకు పళ్ళు రాకముందు నుంచీ ఈ దారిలో తిరుగుతున్నా. మంచు కూలేదుంటే నా మోకాళ్ళు ముందే చెప్తాయి."

"మోకాళ్ళని కాదు, మంచుని అడగండి!"

లోయ మొత్తానికీ ఒకటే ఛానెల్. కాపరులంతా వింటున్నారు. ఒకడు మధ్యలో దూరాడు.

"ఎసెన్‌కుల్ అన్నా, బిష్కెక్ పట్నంలో మీ కోడలికి మంచు జాతకాలు చెప్పడం నేర్పారా ఏంటి?"

ఒకటే నవ్వులు.

బురుల్చాకి ఏడుపొచ్చింది. బతిమాలింది. భయపెట్టింది. పుట్టబోయే మనవడి మీద ఒట్టు పెట్టింది.

"సరేలే. వచ్చేసరికి టీ పెట్టి ఉంచు" అన్నాడు మామ.

అత్త వచ్చి పక్కన నిలబడింది. కిటికీలోంచి చూసింది. మంచులో నల్లటి చుక్కలా మొగుడు. వాలు ఇంకాస్త దూరమే.

ఆ లోయ ఇళ్ళల్లో కోడలు మామ పేరు పలకదు. చచ్చినా పలకదు. అదే పేరు పక్కింటివాడికి ఉంటే, వాణ్ణి కూడా ఇంకో పేరుతోనే పిలుస్తుంది.

"ఒరేయ్ ఎసెన్‌కుల్!" అంది బురుల్చా.

రేడియోలో నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

"ఎసెన్‌కులూ! నిన్నేరా!"

"అయ్యయ్యో, పరువు తీసేసింది!" అత్త రేడియో దగ్గరే గుండెలు బాదుకుంది. "మామని పేరు పెట్టి పిలిచింది! లోయంతా విన్నది! రోషమున్న మగాడైతే ఇంకా ముందుకెళ్తాడా?"

నల్లచుక్క ఆగింది. తిరిగింది. దౌడు తీసింది.

మామ కొరడాతోనే లోపలికొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఏదీ, ఇప్పుడను! నా మొహం మీద అను!"

బురుల్చా తల దించుకుంది. అత్త తిట్లు మాత్రం ఆగలేదు.

కిటికీ అద్దాలు గడగడలాడాయి. ముగ్గురూ బయటికి చూశారు. అంతా తెల్లటి పొగ. అది విడిపోయాక చూస్తే, ఆయన వెళ్ళాల్సిన దారి లేదు.

మామ బల్ల మీద కూలబడ్డాడు.

"నా అదృష్టం... దీని నోటిదురుసే నన్ను బతికించింది" అని గొణిగాడు.

అత్త టీ పోసే వంకతో వంగి, కోడలి చెవిలో అంది: "నే చెప్పలా, పేరు పెట్టి పిలిస్తే తప్ప ఈయన వెనక్కి తిరగడని... ఈసారి మొండికేస్తే వాళ్ళ నాన్న పేరు కూడా కలుపు."