పీనుగు పువ్వు

లిఫ్టు తలుపులు మూసుకోబోతుంటే దినేష్ కాలు అడ్డం పెట్టాడు. లోపల సెక్యూరిటీ మల్లయ్య నిలబడి ఉన్నాడు. చేతుల్లో పాత దుప్పటి కప్పిన కుండీ. దుప్పటి కప్పితే మాత్రం ఏం దాగుతుంది? ఎలుక చచ్చిన వాసన లిఫ్టంతా నిండిపోయింది.

"అది నా పువ్వే కదా?"

"అవు సార్."

అంత నిమ్మళంగా ఒప్పుకునే దొంగను దినేష్ ఎప్పుడూ చూడలేదు.

ఎవరైనా ఇంట్లో మల్లెలు పెంచుకుంటారు, గులాబీలు పెంచుకుంటారు. ఈ సాఫ్ట్‌వేరాయనకు మాత్రం పీనుగు వాసన కొట్టే పూలంటే పిచ్చి. ఎక్కడెక్కడి నుంచో కాడ ముక్కలు తెప్పించి బాల్కనీ నిండా నాటాడు. వాటిలో అన్నిటికన్నా పెద్దది నిన్ననే మొదటిసారి విచ్చింది. పళ్లెమంత పువ్వు. తోలు రంగు రేకుల మీద ఎర్రటి గీతలు, అంచుల వెంట నూగు. నిజంగా శవమే అనుకుని ఈగలు దాని మీద గుడ్లు పెట్టిపోతాయి. రేపటికి ముడుచుకుంటుంది. ఈ సాయంత్రం తనలాంటి పిచ్చోళ్లు నలుగురు చూడ్డానికొస్తామన్నారు. భార్య లావణ్య పోరు పడలేక రాత్రి కుండీని గుమ్మం బయట పెట్టాడు. అదే తప్పయింది.

"పక్క ఫ్లాటోళ్లు పారేసి రమ్మన్నారా? నిన్న కంప్లైంటుకని పైకొచ్చింది నువ్వే కదా."

"పారేయనీకి కాదు సార్. మా ఇంటామెకు చూపెట్టి మళ్ల తెస్త. జర గంటసేపు."

"ఫోటో తీసుకుపోయి చూపించు."

"ఫోటోల వాసన రాదు గద సార్."

దినేష్‌కు నవ్వొచ్చింది. మల్లయ్య నవ్వలేదు.

"ఏజెన్సీకి ఫోన్ కొడితే ఈ రోజే తీసేస్తారు నిన్ను. తెలుసా?"

"తీసేయనియ్యుండ్రి. కాకుంటే గంటయినంక కొట్టుండ్రి ఫోన్."

దినేష్ కుండీ లాక్కోబోయాడు. మల్లయ్య వదల్లేదు. ఆ పెనుగులాటలో దుప్పటి కింద పువ్వు అటూ ఇటూ ఊగింది. దినేష్ ప్రాణం పోయినట్టయి చేతులు వెనక్కి తీసుకున్నాడు. రేకు నలిగిందంటే ఇన్నేళ్ల పెంపకం మట్టిలో కలిసినట్టే.

"సరే, లాగొద్దు. నా పువ్వును నీకొక్కడికే ఇచ్చి పంపను, నేనే తీసుకొస్తా. మీ ఇల్లు ఎక్కడ?"

"బోరబండ."

కారు మణికొండ దాటి రాయదుర్గం వైపు తిరిగేసరికి అద్దాలన్నీ దించక తప్పలేదు. వెనక సీట్లో మల్లయ్య కుండీని ఒళ్లో పెట్టుకుని, గాలి తగలకుండా దుప్పటి చుట్టూ చేతులు అడ్డం పెట్టాడు. సిగ్నల్ దగ్గర బైకు మీదున్న కుర్రాడొకడు కారులోకి తొంగిచూసి, ఎర్ర లైటు పడి ఉండగానే ముందుకు దూకించాడు.

దినేష్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఆ పువ్వు దగ్గర ఎవరైనా ఊపిరి బిగబడతారు. వీడు మాత్రం కళ్లు మూసుకుని గుండెల నిండా పీలుస్తున్నాడు.

"ఏమయ్యా, మీ ఇంట్లో చేతబడి గీతబడి ఏమన్నా చేస్తారా?"

"ఆ ఇద్దె వస్తే మీ గేటు కాడ ఎందుకు నిలవడుత సార్," అన్నాడు మల్లయ్య కళ్లు తెరవకుండానే. "ముందుగాల ఎవలెవల మీద చేయాల్నో నాకు ఎరుకే."

దినేష్ అద్దం మీంచి చూపు తీసి రోడ్డు మీద పెట్టాడు.

గల్లీలోకి కారు పట్టలేదు. దిగి నడిచారు. కుళాయి దగ్గర ఆడవాళ్లు గొడవ పడుతున్నారు. వాసన సోకగానే వాళ్ల మాటలు ఆగిపోయాయి. ఎవరూ తిట్టలేదు, ఛీ అనలేదు. మల్లయ్య మొహం, అతని చేతిలో మూట చూసి, పాడె వస్తే తప్పుకున్నట్టు గోడలకు జరిగి దారిచ్చారు. ఒకామె బిందె కింద పెట్టి దండం పెట్టింది. దినేష్‌కు వెనక్కి పారిపోదామనిపించింది. కానీ పువ్వు అవతలివాడి చేతిలో ఉంది.

ఒంటి గది. మల్లయ్య భార్య కొమురమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. దినేష్ గడప దగ్గరే ఆగిపోయాడు.

"తెచ్చిన," అన్నాడు మల్లయ్య.

"గిదేనా?"

"గిదే."

"నా పానం కుదురుగుండాల్నని ఉత్తగ అంటలేవు గద?"

"లేదు. నీ మీదొట్టు. వాసన గిట్లనే ఉండె."

ఆమె దుప్పటి తీసింది. ఎక్కడున్నాయో ఈగలు, గుప్పున వచ్చి ముసురుకున్నాయి. కొమురమ్మ వాటిని తోలి, కుండీని ఒళ్లోకి తీసుకుని, పువ్వు మీద కొంగు కప్పింది. తర్వాత తనూ ఆ కొంగు కిందికి తల దూర్చి, చెంప రేకులకు ఆనించింది. "ముట్టుకోవద్దమ్మా" అనబోయిన దినేష్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పువ్వు ఆమె చెంప కింద నలిగిపోతోంది. ఆమె మెల్లగా, నిద్రపోయే పిల్లవాణ్ణి లేపే గొంతుతో అంది:

"మురికి మోరీలకెల్లి నిన్ను తీసినంక, కంపు కొడుతున్నవని నాకు నీ మొకం గూడ సూపియ్యకనే కాలవెట్టిండ్రు గద శివా... నాకేం కంపు బిడ్డా, నేను నిన్ను గన్న అవ్వను."