పై మూత

"పై మూత మాత్రం తియ్యొద్దు. కింద మూత తీసి చూడు, చాలు."

పాత ఫిల్ము కెమెరాను బల్ల మీద పెడుతూ ఫోటోగ్రాఫర్ అన్న మాట ఇది. ఇరవై ఆరేళ్ళలో మెకానిక్‌తో అతను ఆడిన మొదటి మాట కూడా ఇదే.

మెకానిక్‌కి ఒళ్ళు మండిపోయింది. "నాకు పని నేర్పడానికొచ్చావా? పో, ఇంకెక్కడైనా చూపించుకో."

"ఇంకెక్కడుంది బావా? ఊళ్ళో ఇలాంటివి విప్పేవాడివి నువ్వొక్కడివే మిగిలావు. నా మనవరాలు దీంతోనే ఫోటోలు నేర్చుకుంటానని పట్టుబట్టి కూర్చుంది. షట్టరేమో పట్టేస్తోంది."

"బావా గీవా అన్నావంటే ఈ స్క్రూడ్రైవర్ దించుతా."

ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. మెకానిక్ పెళ్ళికి ఫోటోలు తీసింది ఈ పెద్దమనిషే, ఈ కెమెరాతోనే. మూడు రీళ్ళు తీశాడు. కడిగి చూస్తే ఒక్క బొమ్మ లేదు! "పోన్లెండి, మళ్ళీ తీయించుకుందాం" అంది కొత్త పెళ్ళికూతురు. ఏడాది తిరక్కుండానే జ్వరమొచ్చి పోయింది. ఆవిడ ఫోటో అంటూ ఈ లోకంలో ఒక్కటీ మిగల్లేదు.

ఆనాటి నుంచి మెకానిక్ కనిపించినవాడి దగ్గరల్లా ఫోటోగ్రాఫర్ మీద దుమ్మెత్తిపోశాడు. స్టూడియోకి పెళ్ళి పిలుపులు ఆగిపోయాయి. అయినా ఫోటోగ్రాఫర్ నోరు మెదిపితే ఒట్టు. ఆ రీళ్ళు ఎందుకు ఖాళీగా వచ్చాయో ఏనాడూ చెప్పలేదు. తప్పు నాదేనని ఆ నోటితో ఒక్కసారి అనిపించాలి. మెకానిక్ ఇన్నేళ్ళూ కాచుక్కూర్చున్నది దానికోసమే.

ఇవాళ దొంగ తనంతట తనే దొరికాడు.

మెకానిక్ మీట నొక్కాడు. షట్టరు తెర సగం దూరం పోయి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే.

"లోపల నూనె గట్టిపడింది. కింద నుంచి శుభ్రం చేస్తే సరిపోతుంది."

"నేనూ అదేగా చెప్పింది."

"నువ్వు చెప్పావు గనకే పైన విప్పుతా. ఏం దాచావందులో? ఈ షాపు పెట్టకముందు పెద్ద వర్క్‌షాపులో రోజుకి పన్నెండు కెమెరాలు విప్పినవాణ్ణి. నంబరు చీటీతో వచ్చేవి, నంబరు చీటీతో పోయేవి. ఎవరివో కూడా తెలీదు. ఒక్కటి తిరిగొచ్చిందా?"

ఫోటోగ్రాఫర్ తల దించుకున్నాడు.

ఈ పనిలో పాత అలవాటొకటుంది. కెమెరా విప్పినవాడు మూత లోపలివైపు సూదితో తన గుర్తూ, తేదీ గీస్తాడు. ఎవడేం వెలగబెట్టాడో తర్వాత విప్పేవాడికి తెలియాలి కదా! మెకానిక్ గుర్తు చిన్న గాలిపటం. ఆ గాలిపటం ఉన్న కెమెరాకి ఇక తిరుగుండదని అతనికి మహా గొప్ప.

స్క్రూలు ఒక్కొక్కటే ఊడుతున్నాయి. మెకానిక్ నోరు మాత్రం ఆగడం లేదు.

"ఆవిడ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉండేది. కుడివైపా, ఎడమవైపా? కట్టుకున్నవాణ్ణి, నాకే గుర్తు రావడం లేదు. ఎవడి పుణ్యం ఇది?"

"ఎడమ," అన్నాడు ఫోటోగ్రాఫర్ మెల్లిగా.

"నోర్ముయ్!"

చివరి స్క్రూ ఊడుతుండగా ఫోటోగ్రాఫర్ కెమెరాకి చెయ్యి అడ్డం పెట్టాడు. "నీకు దణ్ణం పెడతా. అలాగే బిగించి ఇచ్చెయ్, పట్టుకుపోతా. అది బాగవకపోయినా ఫర్వాలేదు."

మెకానిక్ ఆ చెయ్యి విదిలించి కొట్టి, మూత తీసి వెల్లకిలా తిప్పాడు.

లోపల రెండు వరుసలున్నాయి. పై వరుస నిండా జిడ్డు. కింది వరుస శుభ్రంగా కనిపిస్తోంది. పెళ్ళయిన వారానికి వేసిన తేదీ. పక్కన ఎప్పుడో చచ్చిపోయిన బజారు మెకానిక్ గుర్తు. ఆ పక్కనే సన్నటి అక్షరాలు: "ముందు విప్పినవాడు స్క్రూ బిగించలేదు. చప్పుడు వస్తోంది, తెర తెరుచుకోవడం లేదు. సరిచేశాను."

మెకానిక్ ఒంటికాలి మీద లేచాడు.

"అదీ సంగతి! పెళ్ళికి ముందు ఎవడో తలమాసినవాడు స్క్రూ బిగించకుండా నీ చేతికిచ్చాడు. వారానికల్లా నీకు తెలుసు. తెలిసీ ఇన్నేళ్ళూ వాణ్ణి వెనకేసుకొచ్చావా? ఎవడు వాడు? చెప్పు, వాడి చేతులు విరిచేస్తా!"

ఫోటోగ్రాఫర్ కిటికీ వైపు తిరిగిపోయాడు. "వదిలెయ్ బావా. తిట్టేదేదో నన్నే తిట్టుకో. నాకు అలవాటైపోయింది."

"నువ్వు చెప్పకపోతే ఇదే చెబుతుంది," అంటూ మెకానిక్ గుడ్డ తీసుకుని పై వరుస మీది జిడ్డంతా కసిగా తుడిచాడు.

పెళ్ళికి సరిగ్గా మూడు రోజుల ముందు తేదీ, దాని పక్కన చిన్న గాలిపటం.