హనుమండ్లు అన్న మాట

"నా కొడుకు జైహింద్ అనలే," అంటూ దేవవ్వ లారీకి అడ్డంగా నిలబడింది.

లారీ మీద మిలిట్రీ టోపీలు పెట్టుకున్న మగ్గం పనివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ బాలమల్లు అప్పుడే జైహింద్ అని అరిచి ఉన్నాడు. ఎత్తిన పిడికిలి దించాలో వద్దో తెలియక అట్లాగే ఉంచాడు. దేవవ్వ కొడుకు హనుమండ్లు వేషం అతనిదే.

పేటకు మిలిట్రీ వచ్చి రజాకార్లను తరిమి పదేండ్లయింది. ఆనాడు జరిగింది జరిగినట్టు చౌరస్తాలో చేసి చూపిస్తున్నారని ఊరు ఊరంతా కూడింది. తహసీల్దారు కూడా వచ్చి షామియానా కింద కూర్చున్నాడు.

"అవ్వా, జర పక్కకు జరుగు. నిన్ను వాగు తొవ్వ మొదట్ల నిలబడుమన్న గదా," అన్నాడు లక్ష్మీరాజం పంతులు. ఈ ఆట రాసి కూర్చింది ఆయనే.

"ఆనాడు నిలబడ్డ కాడనే నిలబడుత. గా మాట మాత్రం తీసెయ్యి పంతులూ. లారీ కదులంగనే వాడు నా దిక్కు తిరిగి ఏందో అన్నడు. ఇంజను చప్పుడుకు నాకు ఇనరాలే. నోరు మాత్రం శానసేపు ఆడింది. జైహింద్ గంత పొడుగుంటదా?"

"మరి ఏమన్నడే?"

"గదే గదా, పదేండ్ల సంది అందర్ని అడుగుతున్న."

జనం నవ్వారు. పంతులు తల గోక్కున్నాడు.

"రాసేటప్పుడు నన్నొక మాట అడుగొద్దా?" అంది దేవవ్వ.

"నిన్ను అడిగితే నువ్వు మల్ల నన్నే అడుగుతవు."

ఇక చౌరస్తాలో ఎవరికి తోచింది వాళ్లు మొదలుపెట్టారు. "మగ్గం మీద చీర సగంల ఉండె. ఎవ్వల్ని ముట్టనియ్యకు అన్నడేమో," అంది పక్కింటి శంకరవ్వ. "పొద్దుమీకి బువ్వ ఉంచుమన్నడు కావచ్చు," అన్నాడు బాలమల్లు ఫుట్‌బోర్డు మీది నుంచే. "నీకు బువ్వ తప్ప ఇంకోటి యాదికొస్తదారా," అని ఎవరో అన్నారు.

దేవవ్వ అందరి మాటా విన్నది. ఒక్కటీ కొడుకు పెదవులకు అతకలేదు.

రజాకార్లు కోసెడు దూరంలోని దొర గడిలో మకాం పెట్టి ఉంటే, తొవ్వ చూపిస్తానని హనుమండ్లు లారీ ఎక్కిన సంగతి అందరికీ తెలుసు. లారీ పెద్ద రోడ్డున పోకుండా వాగు తొవ్వన తిరిగిన సంగతీ తెలుసు. రజాకార్లు తుపాకులు పట్టుకుని గడి ముందు కాపు కాస్తే మిలిట్రీ వెనుక నుంచి పోయి పడింది. గడియ సేపట్లో గడి చేజిక్కింది. ఇటువైపు పోయింది ఒక్క హనుమండ్లు ప్రాణమే.

షామియానా కింద దండతో కూర్చున్న అతిథి లేచి వచ్చాడు. ఆనాడు ఆ లారీ నడిపింది ఆయనే. విజయనగరం మనిషి, పేరు అప్పలస్వామి. పంతులు ఆచూకీ పట్టి పిలిపిస్తే పొద్దుటి రైలుకు దిగాడు.

"ఆ మాట నేను విన్నానమ్మా," అన్నాడు. "నా కిటికీ పక్కనే కదా నిలబడ్డాడు."

దేవవ్వ లారీ బానెట్ పట్టుకుంది.

"చెప్పు బిడ్డా. నన్ను తిట్టినా సరే, చెప్పు."

"తిట్టలేదు. ఇంతమంది ఉన్నారు, ఇంటికెళ్లాక చెప్పనా?"

"ఇంట్ల కూసోని పదేండ్లు సోంచాయించిన. గీడనే చెప్పు."

అప్పలస్వామి గొంతు సవరించుకున్నాడు. "దారి తెలుసా అంటే తెలుసన్నాడు. బండి కదిలాక చూస్తే కుర్రాడికి తెలీదు. ఇక్కడికొచ్చేసరికి దారి రెండయింది. మీకేసి తిరిగి, 'అవ్వా, గడికి ఎటు పోవాలె?' అని అరిచాడు."

"మగ్గం గుంతల నుంచి తల ఎత్తితె గదా తొవ్వలు తెలిసేది," అని గొణిగింది శంకరవ్వ. ఎవరూ నవ్వలేదు.

దేవవ్వ పెదవులు కదిలించి ఆ మాటను తనలో తాను అని చూసుకుంది. సరిపోయింది. అంత పొడుగే.

"తొవ్వ అడిగిండా?" అన్నాడు పంతులు నోరు తెరిచి. "మరి వాగు తొవ్వ ఎవరు చూపిన్రు?"

"ఈ అమ్మే. నోట మాట లేదు గానీ, ఆ వాగు దారి మొదట్లో నిలబడి ఇటు రండి, ఇటు రండి అని చెయ్యి ఊపారు. నేను అటే తిప్పాను. పెద్ద రోడ్డున వెళ్లుంటే మాలో ఒక్కడూ మిగిలేవాడు కాదు. మమ్మల్ని గెలిపించింది ఓ ముసలమ్మ అని మా ఊళ్లో ఎంతమందికి చెప్పుకున్నానో."

ముందు ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. తహసీల్దారు లేచి నిలబడ్డాడు. "ఇన్నేండ్లు కొడుకుకు దండ ఏసినం గని తల్లిని ఇడిసిపెడితిమి," అంటూ పంతులు అప్పలస్వామి మెడలోని దండ అడిగి తీసుకుని దేవవ్వ దగ్గరికి వచ్చాడు.

దేవవ్వ ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది.

"పోయేటోన్ని ఎనుక నుంచి పిలువద్దని నోరు తెరువలే పంతులూ," అంది. "చెయ్యూపి రమ్మన్నది లారీని కాదు, నా కొడుకును."