మూడో పళ్ళెం

"కళ్ళకు గంతలు కట్టండి," అన్నాడు కంపెనీ ఆఫీసరు. "చూసి చెబితే చెల్లదు."

చేపల వేలం షెడ్డులో గుసగుసలు లేచాయి. ముక్కుపెద్దమ్మ మాత్రం గంతలకు తల వంచింది. వాసన చూసి, ఏ చేప ఏ నీళ్ళలో తిరిగిందో చెబుతుందని నలభై ఏళ్ళ కిందట బేరగాళ్ళు పెట్టిన పేరది.

సముద్రంలో చమురుబావి తవ్వినప్పటి నుంచీ చేప కూర కిరసనాయిలు కంపు కొడుతోందని ఊరు మొత్తుకుంటోంది. నిరుడు చమురు తెట్టు ఒడ్డుకు కొట్టినప్పుడు, వారం రోజులు బకెట్లతో ఎత్తిపోసి మంచాన పడ్డవాళ్ళలో పెద్దమ్మ ఒకతె. కంపెనీ మాత్రం అదంతా కట్టుకథ అంటోంది. పచ్చిచేపలో ఆ కంపు పసిగట్టడం అందరి వల్లా కాదు.

బల్ల మీద మూడు పళ్ళేలు. ఒకదానిలోది బావి పక్కన పట్టిన చేప. అది ఏ పళ్ళెమో రాసిన చీటీ, పరీక్ష చూడవచ్చిన జడ్జిగారి జేబులో ఉంది. పెద్దమ్మ సరిగ్గా చెబితే రెండో బావి ఆగుతుంది. తప్పితే ఊరి అర్జీ బుట్టదాఖలే.

"ఎందుకొప్పుకున్నావత్తా?" గంతలు కడుతూ కోడలు గొణిగింది. "పొద్దున పొయ్యి పక్కనే కూర్చుని పాలు మాడబెట్టావు. ధ్యాసెక్కడుందో ఏమో!"

"నోర్మూసుకుని గట్టిగా కట్టవే."

"ఆ పిల్లిని తోలండెవరైనా," ఆఫీసరు విసుక్కున్నాడు.

"నా కాళ్ళు వదలదు బాబూ. చేపలమ్మే దాని వెంట పిల్లి కాక ఏనుగు తిరుగుతుందా?"

షెడ్డు గొల్లుమంది.

మొదటి పళ్ళెం. ముక్క తుంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, కింద పడేసింది. పిల్లి కరకర నమిలింది.

"మంచిదే."

రెండోదీ తుంచింది, వాసన చూసింది, పడేసింది. కాసేపాగి, "ఇదీ మంచిదే," అంది.

మూడో ముక్క పడేశాక ఎంతకీ నోరు విప్పలేదు.

"త్వరగా పెద్దమ్మా, పొద్దుగూకేలా ఉంది," ఆఫీసరు ఎత్తిపొడిచాడు.

"ముక్కు చెప్పాలిగా బాబూ, నేను చెప్పడానికి!"

పిల్లి తోక ఆమె మడమను రాసుకుంటూ దూరం జరిగింది.

"ఇదే. బావి పక్కది."

జడ్జిగారు చీటీ విప్పారు. రెండుసార్లు చదువుకుని, మూడు వేళ్ళు చూపించారు.

షెడ్డు ఈలలతో దద్దరిల్లింది. ఆఫీసరు ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"నీ ముక్కుకు మొక్కాలత్తా!" కోడలు కళ్ళు తుడుచుకుంటూ గంతలు విప్పింది.

పెద్దమ్మ కాళ్ళ దగ్గర మిగిలిన ఒకే ఒక్క ముక్కను పక్కకు తన్ని, పిల్లిని చంకనెత్తుకుంది.

నిరుడు మంచం దిగిన నాటి నుంచీ ఆమెకు ఏ వాసనా తెలియదు.