రెండో పూచీ

"తాళాలక్కా, మిషన్ బీరువాలోనే ఉందా?"

కుట్టుపని చేసే ఆవిడ గొంతు వినగానే తాళాలక్క తల దించుకుంది. వీధి చందాలతో కొన్న ఆక్సిజన్ మిషన్ తాళం ఆమె దగ్గరే ఉంటుంది. వీధిలో ఇద్దరు పూచీ పడితేనే ఎవరికైనా ఇవ్వాలని సంఘం రూలు. పోయిన వారం ఈవిడ భర్త కోసం అడగడానికొస్తే, కొత్తగా దిగినవాళ్లు కదా అని ఒక్కరూ పూచీ పడలేదు. "మిషన్‌తో ఉడాయిస్తే మన గతేంటి?" అని అందరికన్నా ముందు భయపడింది తాళాలక్కే. ఆ తర్వాత నాలుగు రోజులకే ఆ భర్త పోయాడు.

"ఉందమ్మా," అంది తలెత్తకుండా. "ఆ రోజు నా పాడు నోటికి..."

"పోనీలే అక్కా. ఆయన్ని సాగనంపడానికి వీధి వీధంతా కదిలొచ్చింది. ఊపిరున్నప్పుడే ఇద్దరు దొరకలేదు."

అక్కడే కూర్చున్న సంఘం పెద్ద గొంతు సవరించుకున్నాడు. "రూలు రూలేనమ్మా. ఇంతకీ ఇప్పుడు నీకెందుకూ?"

"మా పక్క వాటాలోకి నిన్న ఎవరో దిగారు. వాళ్ల తాత ఊపిరాడక గింజుకుంటున్నాడు. ఒక పూచీ నాది. ఇప్పుడు నేను మీ అందరికీ తెలిసినదాన్నేగా! ఇంకొకరు కావాలి."

"నిన్న దిగినవాళ్లా? వాళ్లెవరో, ఏమిటో..." నసిగాడు పెద్దాయన.

తాళాలక్కకీ అదే మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి బీరువా తెరిచింది.

"రెండో పూచీ నాది. పట్టమ్మా, ఇద్దరం మోసుకెళదాం."

తీరా ఎత్తి చూస్తే, దాన్ని మోయడానికి ఇద్దరు అక్కర్లేదు.