పై రెక్క

విమానం పై రెక్క మళ్ళీ ఊడి, పేషెంట్లు పుక్కిలించి ఉమ్మే గిన్నెలో పడింది.

"వీడి చేతులు పడిపోను!" అన్నాడు పళ్ళ డాక్టరు.

కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న బక్కపల్చటి మనిషి ఉలిక్కిపడ్డాడు.

"మిమ్మల్ని కాదండీ. ఈ బొమ్మ విమానం కిట్టు తయారుచేసిన మహానుభావుణ్ణి."

"ఆఁ... ఊఁ..." అన్నాడు ఆ మనిషి. నోటినిండా దూది ఉంటే ఇంకేమంటాడు?

డాక్టరు బాధ డాక్టరుది. ఎప్పుడో వందేళ్ళ నాటి విమానం, ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు. బావమరిది బొమ్మల కొట్లో దాని కిట్టు చూసి మోజుపడ్డాడు.

"వద్దు బావా. ఇది కొన్నవాళ్ళలో కట్టినవాళ్ళు లేరు," అన్నాడు బావమరిది.

"ఈ కిట్లు ఎలా చేస్తారో నాకు తెలీదట్రా? వేడి చేసిన ప్లాస్టిక్ రేకు అచ్చు మీద పరిచి, కిందనుంచి గాలి లాగేస్తే ఆకారం వస్తుంది. అంతేగా? పళ్ళ తొడుగులు నేను రోజూ అలాగే చేస్తాను. ఆదివారం బొమ్మ విమానాల ప్రదర్శనకి కట్టి తెస్తా. లేకపోతే సగం మీసం తీయించుకుంటా!"

కొట్లో ఉన్న నలుగురూ విన్నారు. అది అలాంటిలాంటి మీసం కాదు, పెళ్ళికి ముందునుంచీ పెంచుకొస్తున్నది.

పెట్టె తెరిచాక తత్త్వం బోధపడింది.

లోపల విడిభాగాల్లేవు. తెల్ల రేకు మీద ఉబ్బెత్తుగా ఆకారాలున్నాయి, అంతే. ఎవరికి వారే కత్తిరించుకోవాలి, గరుకు కాగితం మీద అరగదీసుకోవాలి, అతికించుకోవాలి. ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పడానికి ఒక గాడి లేదు, ఒక చిల్లు లేదు.

కింది రెక్క ఎలాగో కుదిరింది. దాని మీద పుల్లలు నాటి పై రెక్కను నిలబెడితే ఎడమకి వాలేది. ఎడమ సర్దితే కుడికి వాలేది.

"వాడు నా కంటపడనీ, పళ్ళు రాలగొడతా!" అని డాక్టరు వచ్చేపోయే వాళ్ళందరి ముందూ అనేవాడు.

"ఆ మాట వేరేవాళ్ళంటే వేరు, చేతిలో పటకారుతో మీరంటే వేరు. బయట కూర్చున్నవాళ్ళు లేచి పోతున్నారు," అని మొత్తుకునేది పేషెంట్లను పిలిచే భార్య.

పోనివాడు ఈ బక్కమనిషి ఒక్కడే. ఒకరోజు ఎడమ దవడన్నాడు. మర్నాడు కుడి దవడన్నాడు. అద్దం పెట్టి వెతికినా పుచ్చు కనబడలేదు. ఆయన చూపంతా పళ్ళెంలో పనిముట్ల పక్కనున్న విమానం మీదే.

శనివారం మళ్ళీ దిగాడు.

"మీ పళ్ళు ఇనప గుగ్గిళ్ళు నమిలేలా ఉన్నాయండీ. కాస్త శుభ్రం చేసి పంపించేస్తా," అన్నాడు డాక్టరు.

"ఎంతసేపు పడుతుందండీ?"

"ఇట్టే అయిపోతుంది."

"పోనీ, పీకితే?"

"రక్తం ఆగేదాకా ఇక్కడే కూర్చోవాలి. చాలాసేపు."

"అయితే పీకేయండి."

డాక్టరు ఎంత చెప్పినా వినలేదు. చివరికి, ఉన్నా ఒకటే ఊడినా ఒకటే అన్నట్టు మూల నక్కిన జ్ఞానదంతం ఒకటి దొరికితే, దాన్ని పీకి దూది కుక్కి కూర్చోబెట్టాడు.

తర్వాత రెక్క మీద పడ్డాడు. రెండు చేతులు చాలలేదు.

"ఏమేవ్, ఒక్కసారి ఇలా వచ్చి పట్టుకో!"

"మీ మీసం కోసం నా నడుం విరగ్గొట్టుకోలేను!" అంది భార్య బయటినుంచే.

బక్కమనిషి తనే లేచొచ్చాడు. రెక్క రెండు కొసలూ వేళ్ళతో పట్టుకున్నాడు.

"కదలకండి. నా మీసం మీ చేతుల్లో ఉంది," అన్నాడు డాక్టరు, పుల్లలకి జిగురు పెడుతూ. "అసలు వీడు దీన్ని కళ్ళు తెరిచి చేశాడంటారా, మూసుకుని చేశాడంటారా?"

"ఊఁ... ఊఁ..."

"బుద్ధున్నవాడు చేసే పనేనా ఇది?"

బక్కమనిషి కాదన్నట్టు తలూపాడు.

జిగురు ఆరింది. ఆయన మెల్లగా వేళ్ళు తీశాడు. పై రెక్క వాలలేదు, వణకలేదు. విమానం నిలబడింది!

డాక్టరు గంతేశాడు. బక్కమనిషి మాత్రం వంగి ముందునుంచి చూశాడు, పక్కనుంచి చూశాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"మత్తు దిగినట్టుంది. నొప్పా?"

అడ్డంగా తలూపి, మందుల చీటీ కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు.

ఆదివారం ప్రదర్శనలో డాక్టరు మీసం దువ్విందే దువ్వాడు.

"ఒప్పుకున్నాను బావా," అన్నాడు బావమరిది. "మీ పుణ్యమా అని ఆ కిట్టు చేసినాయన బతికిపోయాడు. ఎవరూ కట్టలేకపోతున్నారు, కడితే నాకే నిలబడలేదు, మిగిలిన పెట్టెలు ఇచ్చేయ్, అచ్చులు పొయ్యిలో పెట్టేస్తానని పోయినవారం నా దగ్గర ఏడ్చాడు. మా బావ కడుతున్నాడు, వెళ్ళి చూడమన్నాను."

"వాడా? నా దగ్గరికి రాలేదే!"

"వచ్చాడుగా! పొద్దున బస్సెక్కబోతూ కొట్లోకొచ్చి, పెట్టెలు ఉంచెయ్యమని సైగ చేసి పోయాడు."

"సైగేమిట్రా? మూగవాడా?"

"కాదు బావా. పాపం, బుగ్గ ఇంత లావున వాచిపోయింది. మాట పెగల్లేదు."

డాక్టరు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

తన విమానం ఒక్కసారి నిలబడితే చూసుకుందామని ఏ నొప్పీ లేని పన్ను పీకించుకుని, తిట్లు తింటూనే ఆ రెక్క పట్టుకున్న మనిషిని, ఇన్నిసార్లు నోరు తెరిపించి కూడా, ఎవరు బాబూ మీరని తను అడిగిన పాపాన పోలేదు.