ముడి లేని అతుకు

కరెంటు పోయి నీలం నగర్‌లో మరమగ్గాలు ఆగాయి. గారడీ ఓంకార్, పెంటప్ప సంతకం చేసిన ఆఠీను రాణి పేకముక్కను ముక్కలుగా చించి, గుప్పిట మూసి, మళ్లీ నిండుగా తీశాడు.

“ఇది నీకే, కాకా. దాసుకో.”

తెగిన పోగులు ముడేసే పెంటప్ప, అలవాటుకొద్దీ పేకముక్కంతా గోటితో తడిమాడు.

“ముడి ఏడేసినవ్‌రా?”

“ముడి లేదు కాకా.”

పెంటప్ప లోపలికెళ్లి చినిగిన ఫొటో తెచ్చాడు. ఎవరినో చెప్పకుండా పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన కూతురిది. చించింది తనే.

“గిది గూడ కలుపు.”

ఓంకార్ గుప్పిట మూసి తెరిచాడు. నిండు ఫొటో. కూతురు, ఒళ్లో పసిపాప, పక్కన ఓంకార్.

పెంటప్ప దాన్నీ తడిమాడు. గోరు పాప మీద ఆగింది.

“ముడి గీడేసినవా?”

“అవ్, మామా.”